కార్డులో ఉన్నది ఉన్నట్టుగా

జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో బాడ్ ఆరోల్సెన్ అనే చిన్న పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, మిత్రరాజ్యాల సైన్యాల చేతికి చిక్కిన నాజీ నిర్బంధ శిబిరాల ఖైదీ కార్డులు, ఒక శిబిరం నుంచి మరొక శిబిరానికి మనుషులను తోలిన జాబితాలు, వెట్టిచాకిరీ చేయించుకున్న కర్మాగారాల చిట్టాలు, యుద్ధం తరువాత నిలువనీడ లేక శరణార్థి శిబిరాల్లో తలదాచుకున్నవారి దరఖాస్తులు క్రమంగా అక్కడికి చేరాయి. వాటిని పోగుచేసినది చరిత్ర రాయడానికి కాదు. భర్త కోసం భార్య, బిడ్డ కోసం తల్లి రాసిన ఉత్తరాలకు జవాబు చెప్పడానికి. అందుకే 2007 వరకు ఆ గదుల్లోకి పరిశోధకులను కూడా రానివ్వలేదు. ఇప్పుడు ఆ సంస్థను అరోల్సెన్ ఆర్కైవ్స్ అంటున్నారు. సుమారు 3 కోట్ల పత్రాలు, దాదాపు 1.75 కోట్ల మంది మనుషుల వివరాలు అక్కడ ఉన్నాయి. 2013లో యునెస్కో ఆ సంపుటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఆ కాగితాలను ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఒక పని, వాటిలో ఒక పేరును వెతికితే దొరికేలా చేయడం మరొక పని. చేతిరాతతో నిండిన కార్డును యంత్రం సరిగా చదవలేదు కాబట్టి, ఎవరో ఒక మనిషి దానిని చూసి పేరు, పుట్టిన తేదీ, ఖైదీ సంఖ్య అచ్చు అక్షరాల్లో ఎక్కించాలి. ఆ పనికి 2020లో ఎవ్రీ నేమ్ కౌంట్స్ అనే పేరుతో ప్రపంచంలోని ఎవరినైనా పిలిచారు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "మాస్టారూ, బతుకంతా రిజిస్టర్లు రాశారు కదా, ఇది మీ చేతికి సరిపోయే పని" అన్నాడు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి, చివరి సంవత్సరాల్లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా చెప్పుకుంటూ వచ్చిన అరవై లక్షల మంది యూదుల హత్యను ఒక్కొక్క కాగితంగా చూడవలసి వస్తుందని అప్పటికి తట్టలేదు.

పని పద్ధతి చెప్పుకోవడానికి సులువైనదే. తెర మీద ఒక వైపు కార్డు బొమ్మ, మరొక వైపు నింపవలసిన గడులు ఉంటాయి. ఇంటిపేరు ఎక్కడ ఉంటుంది, ఏ మూల ఖైదీ సంఖ్య వేస్తారు, ఏ గడిని వదిలేయవచ్చు అన్నది పక్కనే నమూనా కార్డు చూపించి చెబుతారు. జర్మన్ భాష రాకపోయినా పనికి అడ్డం కాదు. ఒకే కార్డును ఒకరికి తెలియకుండా మరొకరు ఎక్కిస్తారు. రాసినవి సరిపోలకపోతే ఆర్కైవ్స్ సిబ్బంది చూసి తేలుస్తారు. కనుక తప్పు దొర్లుతుందేమో అన్న బెంగ పెట్టుకోనక్కర లేదు. కష్టమల్లా అంకెలతోనే. జర్మన్ గుమాస్తాలు ఒకటి అంకెకు ముందు పొడుగాటి గీత పైకి లాగుతారు, అది మన కంటికి ఏడులా కనిపిస్తుంది. ఏడుకు నడుం మీద అడ్డగీత కొడతారు. ఆ సంగతి పట్టుబడే వరకు పుట్టిన సంవత్సరం చదవడం నిజంగానే కత్తి మీద సాము.

ఖైదీ వ్యక్తిగత కార్డు అన్నది చూడగానే ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా కనిపించే కాగితంలాగే ఉంటుంది. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పెళ్ళి అయిందా, పిల్లలెందరు, చిరునామా, మతం, పౌరసత్వం, వృత్తి, దగ్గరి బంధువుల చిరునామా వరుసగా ఉంటాయి. ఆ తరువాత మనిషి ఆకారం: ఎత్తు, ఒళ్ళు, ముఖం, కళ్ళు, ముక్కు, నోరు, చెవులు, పళ్ళు, జుట్టు. ఏ శిబిరానికి, ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో తెచ్చారో రాయడానికి ఇంకొక భాగం. విడుదల తేదీకి కూడా ఒక గడి అచ్చువేసి ఉంటుంది. చాలా కార్డుల మీద హోలెరిత్ అన్న ముద్ర కనిపిస్తుంది. ఆ కార్డులోని వివరాలను చిల్లులు పొడిచే యంత్రానికి కూడా అందించామని దాని అర్థం. వచ్చినప్పుడు ఒంటి మీద ఏమేమి ఉన్నాయో రాసే మరొక రకం కార్డు ఉంది: టోపీ, కోటు, చొక్కా, బూట్ల జత, గడియారం, ఉంగరం. నాజీలు ఆక్రమించిన పోలండ్‌లోని ఆష్‌విట్జ్ శిబిరం మీదుగా వచ్చినవారి దగ్గర ఉన్నదంతా అక్కడే లాగేసుకున్నారు కాబట్టి, నేను చూసిన అలాంటి కార్డుల మీద ఆ గడులు ఎక్కువగా ఖాళీగానే ఉన్నాయి.

వీటన్నిటిలోనూ నా కన్ను ఆగేది పుట్టిన తేదీ దగ్గర. అది అలవాటు. మన పల్లెటూళ్ళలో బిడ్డను బడిలో చేర్పించడానికి వచ్చిన తండ్రికి పుట్టిన తేదీ తెలియకపోతే, ఒడ్డూ పొడుగూ చూసి జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేవాళ్ళం. ప్రవేశ రిజిస్టర్‌లో ఒకసారి పడిన ఆ తేదీ వాడి పదో తరగతి సర్టిఫికెట్ మీదుగా పదవీ విరమణ దాకా వాడి వెంటే నడుస్తుంది. అంటే కాగితం మీది వయసుకు, కన్నతల్లి చెప్పే వయసుకు పొంతన ఉండకపోవడం నాకు కొత్త కాదు. కానీ ఇక్కడ ఆ రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో తెలిసిన తరువాత, 1926 అనో 1927 అనో రాసి ఉన్న ఏ హంగరీ కుర్రవాడి కార్డునూ మామూలుగా చూడలేకపోయాను.

ఆష్‌విట్జ్ బిర్కెనావ్‌లో రైలు దిగిన యూదులను అక్కడికక్కడే రెండుగా విడదీసేవారు. పనికి వస్తారనిపించినవారు ఒక వైపు. ముసలివారు, జబ్బుపడినవారు, చిన్నపిల్లలు, ఆ పిల్లల చెయ్యి పట్టుకున్న తల్లులు మరొక వైపు. రెండో వైపు వెళ్ళినవారిని కొద్ది గంటల్లో విషవాయువుతో చంపేసేవారు. పద్నాలుగేళ్ళ వయసు ఏ వైపుకైనా పడవచ్చు. అందుకే రైలు పెట్టెలు ఖాళీ చేయించే పాత ఖైదీలు, కాపలావాళ్ళ కన్నుగప్పి, దిగుతున్న కుర్రవాళ్ళ చెవిలో వయసు పెంచి చెప్పమని ఊదేవారని బతికి బయటపడినవారు ఎందరో చెప్పారు. ఎందుకు చెప్పాలో అర్థమయ్యే వ్యవధి కూడా ఉండదు. కొందరు చెప్పారు, కొందరు నిజమే చెప్పారు.

ఇక్కడ నేను ఇమ్రె కెర్తేస్ సంగతి చెప్పాలి. ఆయన 2002లో సాహిత్యంలో నోబెల్ బహుమతి అందుకున్న హంగరీ రచయిత కాబట్టి ఆయన వివరాలు లోకానికి తెలిసినవే. నేను ఎక్కించిన కార్డుల్లోని ఇతరుల పేర్లు మాత్రం ఇక్కడ రాయడం లేదు. కెర్తేస్ 1929 నవంబరు 9న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టాడు. ఐదేళ్ళ ప్రాయంలో తల్లిదండ్రులు విడిపోతే హాస్టల్ బడిలో పెరిగాడు. 1940లో ఉన్నత పాఠశాలలో చేరేసరికి యూదు పిల్లలను వేరే తరగతిగా విడదీసి కూర్చోబెట్టారు. బడి నడిపినవాడిగా ఈ ఒక్క వివరం నన్ను మిగతావాటి కన్నా ఎక్కువ కుదిపింది, ఎందుకంటే ఆ పని చేయడానికి సైన్యమూ, రైళ్ళూ అక్కర లేదు; ఒక సెక్షన్ పేరు, ఒక హాజరుపట్టీ, చెప్పినట్టు చేసే ఒక ఉపాధ్యాయుడు చాలు.

1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీని ఆక్రమించింది. ఏప్రిల్ 5 నుంచి యూదులు బట్టల మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకోవలసి వచ్చింది. మే 15 మొదలు జూలై 9 వరకు, రెండు నెలలు కూడా నిండకముందే, సుమారు 4,37,000 మంది యూదులను హంగరీ నుంచి రైళ్ళలో తరలించారు. వారిలో అత్యధికులను ఆష్‌విట్జ్‌కే పంపారు. అంత వేగంగా అది జరగడానికి కారణం జర్మన్ అధికారులు కాదు, వారు అక్కడికి వెళ్ళినది కొద్దిమందే. జనాభా చిట్టాలు చేతిలో ఉన్న హంగరీ ప్రభుత్వ యంత్రాంగం, దాని సాయుధ పోలీసులు పని పూర్తిచేశారు. పల్లెలు, చిన్న పట్టణాలు ముందుగా ఖాళీ అయ్యాయి. రాజధాని వంతు వచ్చేలోపు, జూలై మొదటి వారంలో, దేశాధినేత హోర్తీ తరలింపులను ఆపించాడు. అందువల్ల బుడాపెస్ట్ యూదుల్లో చాలామంది ఆ వేసవికి నగరంలోనే మిగిలారు. పద్నాలుగేళ్ళ కెర్తేస్ మాత్రం ఆ ఉత్తర్వుకు కాస్త ముందే పట్టుబడి ఆష్‌విట్జ్ చేరాడు. అదృష్టం అతణ్ణి అంత దగ్గరగా వచ్చి దాటిపోయింది.

ఆష్‌విట్జ్ నుంచి అతణ్ణి జర్మనీలోని బుఖెన్‌వాల్డ్ శిబిరానికి పంపారు. యూదులు లేని జర్మనీ కావాలని పదేళ్ళు ఊదరగొట్టిన ప్రభుత్వమే 1944లో కార్మికులు చాలక యూదు ఖైదీలను మళ్ళీ జర్మనీ లోపలికి తెచ్చుకోవలసి వచ్చింది. బొగ్గు నుంచి ఇంధనం తీసే కర్మాగారాల మీద ఆ ఏడాది మే నెల నుంచి మిత్రరాజ్యాల విమానాలు బాంబులు కురిపిస్తున్నాయి. జైట్జ్ పట్టణం దగ్గర ఉన్న అటువంటి కర్మాగారంలో శిథిలాలు ఎత్తడానికి, తిరిగి కట్టడానికి బుఖెన్‌వాల్డ్ అనుబంధ శిబిరం ఒకటి పెట్టారు. కెర్తేస్‌ను అక్కడికి పంపారు. పసివాడి ఒళ్ళు ఆ పనికి, ఆ తిండికి తట్టుకోలేకపోయింది. పూర్తిగా జబ్బుపడిన స్థితిలో తిరిగి బుఖెన్‌వాల్డ్‌కు చేరి, ఖైదీల ఆసుపత్రిలో ఉండగా, 1945 ఏప్రిల్ 11న శిబిరానికి విముక్తి కలిగింది. బుడాపెస్ట్‌కు తిరిగి వచ్చేటప్పటికి అతనికి ఇంకా పదహారేళ్ళు నిండలేదు.

దశాబ్దాల తరువాత బుఖెన్‌వాల్డ్ స్మారక సంస్థ సంచాలకుడు ఆయనకు ఒక కవరు పంపాడు. నోబెల్ ఉపన్యాసంలో కెర్తేస్ స్వయంగా చెప్పిన సంగతి ఇది. కవరులో 1945 ఫిబ్రవరి 18 నాటి శిబిర దినచర్య నివేదిక నకలు ఉంది. ఆనాటి తగ్గుదల లెక్కలో 64,921 సంఖ్య గల ఖైదీ ఇమ్రె కెర్తేస్, ఫ్యాక్టరీ పనివాడు, 1927లో జననం, మృతి అని రాసి ఉంది. చనిపోలేదన్నది సరే. మిగిలిన రెండు వివరాలూ అబద్ధమే. బుఖెన్‌వాల్డ్‌లో పేరు రాయించుకునేటప్పుడు తనను పిల్లవాడి కింద జమకట్టకుండా ఉండాలని రెండేళ్ళు ఎక్కువ చెప్పుకున్నాడు. పనికొచ్చేవాడిలా కనిపించాలని విద్యార్థి అన్న మాటకు బదులు పనివాడు అని చెప్పుకున్నాడు.

కార్డు నింపుతున్న నాకు ఇదంతా ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఆర్కైవ్స్ వారి సూచన స్పష్టంగా ఉంటుంది: కార్డు మీద ఏది ఉంటే అదే రాయాలి, సరిదిద్దకూడదు. మంచి నియమమే. మనం సరిదిద్దడం మొదలుపెడితే అది పత్రం కాకుండా పోతుంది. పైగా 1927 అని కార్డులో ఉన్నవాడు నిజంగా 1927లోనే పుట్టి ఉండవచ్చు, ఆ సంగతి ఇక్కడ కూర్చున్న నాకెలా తెలుస్తుంది? అయినా, పుట్టిన తేదీ గడిలో 1927, వృత్తి గడిలో పనివాడు, ఎత్తు గడిలో ఆ వయసు కుర్రవాడికి ఉండవలసిన దాని కన్నా బాగా తక్కువ కొలత, పై మూలన రాజకీయ ఖైదీ, హంగరీ యూదుడు అన్న వర్గీకరణ, ఈ నాలుగూ ఒకే కార్డు మీద కనిపించినప్పుడల్లా, వరుసలో నిలబడి అప్పటికప్పుడు లెక్క వేసుకుని జవాబు చెప్పిన ఒక బడిపిల్లవాడు ఉండి ఉంటాడని అనుమానం కలుగుతుంది. ఆ అనుమానాన్ని ఎక్కడా రాయడానికి గడి లేదు. గుమాస్తా రాసినది ఒక ఎనభై ఏళ్ళ క్రితం ఒక పిల్లవాడు చెప్పిన మాట. ఆ మాటను నేను మళ్ళీ రాస్తున్నాను, అంతే.

హంగరీ పేర్ల విషయంలో మాత్రం మనకు ఒక సౌకర్యం ఉంది. వారు మనలాగే ఇంటిపేరు ముందు రాసి, పెట్టిన పేరు తరువాత రాస్తారు. ఐరోపాలో మరెవరూ దాదాపుగా అలా రాయరు. అందువల్ల ఏది ఇంటిపేరో, ఏది పేరో తేల్చుకోవడంలో ఒక తెలుగువాడు అంతగా తికమకపడడు.

వయసు పెంచి చెప్పి బతికారన్న మాట ఒక ఊళ్ళో పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు వెలిగాయి. తెలివిగల కుర్రవాడు రాక్షసుణ్ణి ఏమార్చిన కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు కదా, ఆ చట్రంలో ఇది ఇట్టే ఇమిడిపోతుంది. అలా ఇమడనివ్వకూడదని నా అభిప్రాయం. నాజీల పాలనలో చనిపోయిన యూదు పిల్లలు సుమారు 15 లక్షల మంది. వాళ్ళకు తెలివి లేక కాదు. అదే అబద్ధం అదే వరుసలో చెప్పి కూడా రెండో వైపు వెళ్ళినవాళ్ళు ఉండి ఉంటారు. వాళ్ళకు కార్డులు లేవు, ఎందుకంటే ఆష్‌విట్జ్‌లో దిగిన వెంటనే చంపినవారికి సంఖ్య వేయలేదు, పేరు రాయలేదు. నేను ఎక్కించే ప్రతి కార్డూ ఏదో ఒక వడపోతను దాటి వచ్చినదే. అబద్ధం పనిచేయాలంటే పిల్లవాడు కాస్త పొడుగరి అయి ఉండాలి, ఆ వారం ఏదో కర్మాగారం కూలీల కోసం అడిగి ఉండాలి, చెవిలో ఊదే మనిషి ఆ పూట ఆ పెట్టె దగ్గరే ఉండి ఉండాలి.

తెలివితో సంబంధమే లేని వయసువాడి సంగతి ఇంకొకటి ఉంది. స్టెఫాన్ యెజి త్స్వైగ్ 1941 జనవరిలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో పుట్టాడు. 1944 ఆగస్టులో తండ్రితో పాటు బుఖెన్‌వాల్డ్ చేరినప్పుడు అతనికి మూడేళ్ళు దాటి కొన్ని నెలలు. అక్కడి రాజకీయ ఖైదీలు ఆ బిడ్డను కాపాడుతూ వచ్చారు. ఆ సెప్టెంబరు 25న 200 మంది పిల్లలను, యువకులను ఆష్‌విట్జ్‌కు పంపడానికి జాబితా తయారైంది. అందులో ఎక్కువమంది సింతీ, రోమా తెగల పిల్లలు. జాబితాలో ఈ బిడ్డ పేరు కూడా ఉంది. తరువాత 12 పేర్ల మీద గీత కొట్టి, వాటి స్థానంలో వేరే పేర్లు చేర్చారు. త్స్వైగ్ పేరు ఉన్న చోట చేరిన పేరు విల్లీ బ్లుమ్. పదహారేళ్ళ సింతీ కుర్రవాడు. ఊరూరా తిరిగి బొమ్మలాట ఆడే కుటుంబం వారిది. అతని తమ్ముడు పదేళ్ళ రుడోల్ఫ్ అప్పటికే ఆ జాబితాలో ఉన్నాడు, అతణ్ణి ఒంటరిగా పంపలేక తానూ వెళతానని విల్లీ ముందుకొచ్చినట్టు పత్రాలు చెబుతున్నాయి. అన్నదమ్ములిద్దరూ ఆష్‌విట్జ్‌లో చనిపోయారు. త్స్వైగ్ బతికాడు. యుద్ధానంతరం తూర్పు జర్మనీలో ఆ పసివాణ్ణి కాపాడిన ఖైదీల గాథ ఊరూరా మారుమోగింది. జాబితాలో గీత పక్కన రాసిన పేరు మాత్రం దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. జాబితా 200 అంటే 200 ఉండి తీరాలి, ఒక పేరు తీస్తే ఇంకొక పేరు వేయాలి. ఆ లెక్కను పెట్టినది శిబిరాన్ని నడిపిన ఎస్ఎస్ అనే నాజీ సాయుధ దళం వాళ్ళు. గీత కొట్టిన ఖైదీని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, అతణ్ణి వీరుడని పొగడడానికి కూడా రాదు.

బుఖెన్‌వాల్డ్‌లో పిల్లలు గుంపుగా బతికిన చోటు 66వ బ్లాకు. చెక్ కమ్యూనిస్టు ఖైదీ ఆంతొనీన్ కాలినా దానికి పెద్దగా ఉండి, కుర్రవాళ్ళను బయటి పనులకు, లెక్కింపు మైదానానికి పంపకుండా లోపలే ఉంచడానికి తంటాలు పడ్డాడు. చివరి రోజుల్లో యూదులను వేరుచేసి తోలుకుపోవడానికి ఉత్తర్వు వచ్చినప్పుడు, తన దగ్గర యూదులు లేరని చెప్పి, గుర్తులు మార్పించి వాళ్ళను దాచాడు. శిబిరం విముక్తమైన రోజున అక్కడున్న 21,000 మంది ఖైదీల్లో సుమారు 900 మంది పిల్లలు, కుర్రవాళ్ళు. కాలినాకు ఇజ్రాయెల్‌లోని యూదుల హత్యాకాండ స్మారక సంస్థ యాద్ వాషెమ్ 2012లో, ఆయన పోయిన చాలా ఏళ్ళకు, గౌరవ పురస్కారం ప్రకటించింది. ఇక్కడ కూడా పని నడిచినది కాగితం మీది అబద్ధంతోనే, కాకపోతే ఈసారి అబద్ధమాడినది పెద్దవాడు.

వయసు దాచుకోవడానికి వీలే లేని పదేళ్ళవాడు ఆష్‌విట్జ్ నుంచి బతికి బయటపడడం చాలా అరుదు. అలాంటివారిలో ఒకడు థామస్ బర్గెన్‌థాల్, పెద్దయ్యాక అమెరికాలో న్యాయశాస్త్రం చదివి, 2000 నుంచి 2010 వరకు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్నాడు, 2023లో మరణించాడు. 1934లో, ఇప్పటి స్లొవేకియాలోని లుబోహ్న్యాలో పుట్టాడు. నాజీలు పోలండ్ మీద దాడి చేసినప్పుడు ఐదేళ్ళవాడు. తల్లిదండ్రులతో పోలండ్‌లోని కీల్చె పట్టణంలో, యూదులను నిర్బంధించిన వాడలో, అంటే ఘెట్టోలో చిక్కుకున్నాడు. 1942 ఆగస్టులో ఆ ఘెట్టో నుంచి 20,000 మందికి పైగా యూదులను ట్రెబ్లింకాకు పంపి చంపారు. పని కోసం ఆపిన కొద్దిమందిలో ఈ కుటుంబం ఉంది. మిగిలిన పిల్లలను కూడా 1943 మేలో పోగుచేసి శ్మశానానికి తీసుకుపోయి చంపినప్పుడు, ఈ పిల్లవాడు జర్మన్ అధికారి ముందుకు వెళ్ళి, తాను పని చేయగలనని జర్మన్ భాషలో చెప్పాడు. తల్లి జర్మనీలోని గోటింగెన్ ఆడపడుచు కావడం వల్ల అతనికి ఆ భాష వచ్చు. 1944 ఆగస్టులో ఆష్‌విట్జ్ చేరినప్పుడు, వారి రైలు కార్మిక శిబిరం నుంచి వచ్చినది కాబట్టి కాబోలు, దిగగానే జరిగే ఏరివేత ఆ రోజు జరగలేదు. చేతి మీద బి-2930 అని పచ్చబొట్టు పొడిచారు. తండ్రి ఆ తరువాత బుఖెన్‌వాల్డ్‌లో చనిపోయాడు.

1945 జనవరిలో సోవియట్ సైన్యం దగ్గరపడుతుండగా ఆష్‌విట్జ్ ఖైదీలను మంచులో నడిపించి, తరువాత పైకప్పు లేని గూడ్సు పెట్టెల్లో పడమరకు తోలారు. రైలు చెక్ ప్రాంతం మీదుగా పోతుండగా వంతెనల మీద నిలబడిన జనం రొట్టెలు విసిరారని ఆయన చెప్పాడు. బెర్లిన్ దగ్గరి జాక్సెన్‌హౌజెన్ శిబిరం చేరేసరికి కాళ్ళు గడ్డకట్టి, రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో నార్వే ఖైదీ ఓడ్ నాన్సెన్ ఈ పిల్లవాడిని చేరదీసి, తన పొట్లాల్లో వచ్చిన తిండి పెట్టి, సిబ్బందికి లంచంగా పొగాకు ముట్టజెప్పి కాపాడాడు. ఏప్రిల్ 22న విముక్తి. ఆ తరువాత కొంతకాలం పోలిష్ సైనికులు అతణ్ణి తమ వెంట తిప్పుకుని, వార్సా దగ్గరి ఓత్వొత్స్క్‌లోని యూదు అనాథాశ్రమంలో చేర్చారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా పట్టుకున్నది ఆ తరువాతి ఘట్టం. తల్లి బతికే ఉంది. రావెన్స్‌బ్రుక్ శిబిరం నుంచి బయటపడి గోటింగెన్ చేరి కొడుకు కోసం వెతుకుతోంది. కొడుకు పోలండ్‌లో ఉన్నాడు, తనకెవరూ లేరనుకుంటున్నాడు. పాలస్తీనాకు వెళ్ళదలచిన పిల్లల జాబితాలో అతని పేరు చేరింది. యూదు ఏజెన్సీ వద్ద ఎవరో ఒక గుమాస్తాకు ఆ పేరు, తల్లి రాయించిన వెతుకులాట వివరాలు ఒకటేనని తట్టింది. 1946 డిసెంబరు 29న గోటింగెన్ రైల్వే స్టేషన్‌లో తల్లీ కొడుకూ కలుసుకున్నారు. ఆ నడుమ, అదే ఏడాది జూలై 4న, అతను ఘెట్టోలో పెరిగిన కీల్చె పట్టణంలోనే, శిబిరాల నుంచి బతికి తిరిగివచ్చిన యూదుల మీద అల్లరిమూక దాడిచేసి 42 మందిని చంపింది. తనను యూదులు నేలమాళిగలో దాచారని ఎనిమిదేళ్ళ పోలిష్ బాలుడొకడు చెప్పిన కట్టుకథతో అది మొదలైంది. ఆ ఇంటికి నేలమాళిగే లేదు. యుద్ధం ముగియగానే ప్రాణభయం ముగిసిందనుకునేవారికి ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూపిస్తుంటాను.

బాడ్ ఆరోల్సెన్‌లోని కాగితాల పని కూడా అప్పట్లో ఇదే, అంటే ఒక జాబితాలోని పేరును మరొక జాబితాలోని పేరుతో కలపడం. పిల్లల వెతుకులాటకు అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగమే నడిచింది. అక్షరం తేడా పడితే పేరు కలవదు. పుట్టిన సంవత్సరం రెండేళ్ళు పెంచి ఉంటే తల్లి చెప్పిన తేదీ, కార్డులోని తేదీ కలవవు. ప్రాణం నిలబెట్టిన అబద్ధమే తరువాత వెతుకులాటలో అడ్డుపడే అవకాశం ఉందన్నమాట. అందుకే ఇప్పటికీ ఆ పేర్లు వెతికేవారు ఒక్క తేదీని నమ్ముకోకుండా ఊరు, తండ్రి పేరు, ఖైదీ సంఖ్య అన్నీ కలిపి చూస్తారు. మనుమలు, మునిమనుమలు ఇవాళ కూడా రాస్తూనే ఉన్నారు.

ఈ పని చేయదలచిన తెలుగువారికి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. కార్డును పెద్దది చేసి చూడాలి కాబట్టి కంప్యూటరే మేలు. చదవడానికి ఇంగ్లీషు వస్తే చాలు. హంగరీ, పోలిష్, చెక్ పేర్లలో అక్షరాల మీద గీతలు, చుక్కలు వస్తాయి, వాటి గురించి సూచనల్లో ఏం చెప్పారో ముందే చూసుకోవాలి. ఒకే బైఠక్కులో ఎక్కువ కార్డులు పెట్టుకోవద్దు. కొంతసేపటి తరువాత కన్ను చదవడం మానేసి చెయ్యి మాత్రం నడుస్తూ ఉంటుంది, తప్పులు పడేది అప్పుడే. ఇంట్లో తొమ్మిదో తరగతి దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోవచ్చు, జర్మనీలో బడిపిల్లలే ఎందరో ఇది చేస్తున్నారు; కానీ ముందుగా ఆ శిబిరం ఏమిటో, ఆ రైలు ఎక్కడి నుంచి వచ్చిందో ఓపికగా చెప్పాలి. అంకె సరిగా తెలియకపోతే ఊహించి వేయకుండా ఆ గడిని వదిలేయండి, అదే కార్డు మరొకరి తెర మీదికి కూడా వెళుతుంది.